ముందే కుమారుడున్న ఇంట్లోకి: దత్తపుత్రత్వం గురించి ఒక పరిచర్య కేసు

రొట్టె విరిచే వేళకు, అంటే ప్రభురాత్రి భోజనపు బల్ల సమయానికి, ఆయన ఎప్పుడూ లోపల ఉండేవాడు కాదు. ఆదివారం అందరికంటే ముందు వచ్చి తాళం తీసి, మందిరం ఊడ్చి, చాపలు పరిచి, మైకు సరిచూసి, మంచినీళ్ళ క్యాన్లు మోసి పెట్టిన మనిషి, పాటలు అయ్యి బల్ల మీది గుడ్డ తీసే సమయానికి బయట మోటారు సైకిళ్ళు సర్దుతూనో, జనరేటరు దగ్గర నిలబడో కనిపించేవాడు. ప్రేమవిందు రోజున వడ్డించేది ఆయనే. అందరూ లేచి చేతులు కడుక్కున్నాక వంటపాత్రల దగ్గర నిలబడి రెండు ముద్దలు తినేదీ ఆయనే. దీన్ని గమనించడానికి నాకు ఏడాదికి పైగా పట్టింది. పని సాఫీగా జరిగిపోతున్నంత కాలం ఆ పని చేస్తున్న మనిషి ఎలా ఉన్నాడని మనం అడగము. ఆ ఆలస్యానికి బాధ్యత నాదే, దాన్ని మొదటనే ఒప్పుకుంటున్నాను.

ఈ కేసు రాయడానికి ఆయన అనుమతి, ఆయన భార్య అనుమతి, పెంచిన తల్లి అనుమతి తీసుకున్నాను. పేర్లు ఎక్కడా రాయలేదు, గుర్తుపట్టగలిగే వివరాలు కొన్ని మార్చాను. సంఘాల్లో కౌన్సెలింగ్ చేసే తోటి సేవకులను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను కనుక, నా తప్పులను కూడా జరిగినవి జరిగినట్టే చెబుతాను.

మా సంఘం రాజోలు దిగువన, వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య ఉంది. 1836లో మన దేశానికి వచ్చి నర్సాపురం ప్రాంతంలో పనిచేసిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ మిషనరీల పరిచర్యతో మొదలైన బ్రదరన్ సంఘాల కోవలోనిది కనుక, మేము ప్రతి ఆదివారం రొట్టె విరుస్తాము, ఆరాధనలో ఏ సహోదరుడైనా లేచి ప్రార్థించవచ్చు. నెలకొకసారి బల్ల ఉండే సంఘమైతే ఆయన బయట ఉండిపోవడం ఇంకా చాలాకాలం ఎవరి కంటా పడకపోయేది. రెండో విషయం కూడా ఈ పద్ధతి వల్లే నా చెవిన పడింది. ఆయన లేచి చేసే ప్రార్థనలో "ప్రభువా" అనే పిలుపు, "యజమానుడా" అనే పిలుపు ఉండేవి. "తండ్రీ" అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు.

పూర్వ వృత్తాంతం

ఆయన వయసు అప్పటికి 32 ఏళ్ళు. కొబ్బరి వర్తకుడి దగ్గర దింపు, ఒలుపు కూలీల లెక్కలు రాసే గుమస్తా. పెళ్ళయ్యింది, మూడేళ్ళ పాప ఉంది. పుట్టింది ఐ.పోలవరం వైపు ఒక లంక ఊళ్ళో. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊడ్చేసిన తుఫానులో, అప్పటికి అయిదేళ్ళ వాడైన ఈయన తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్నాడు. ఆ రాత్రి గురించి ఇక్కడి పాఠకులకు చెప్పనక్కరలేదు. వెయ్యిమందికి పైగా పోయారు, కొబ్బరి చెట్లు లక్షల్లో పడిపోయాయి, ఆ ఏడాది తరువాత పుట్టిన పిల్లలకు కూడా "గాలివాన ఏడు" అంటే ఏదో తెలుసు. రెండు నెలలు అమ్మమ్మ దగ్గర ఉన్నాక, సహాయం పంచడానికి వెళ్ళిన మా ప్రాంతపు విశ్వాసి ఒకరు, ఆయన భార్య, 1997 జనవరిలో ఈ పిల్లవాణ్ణి తమ ఇంటికి తెచ్చుకున్నారు. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా వాళ్ళకు అప్పటికి పిల్లలు లేరు. ఆ ఏడాదే వాళ్ళకొక కొడుకు పుట్టాడు.

పిల్లలిద్దరూ ఒకే మంచం మీద పడుకుని, ఒకే బడికి వెళ్ళి పెరిగారు. పెంచిన తండ్రి ఏ రోజూ తేడా చూపలేదని ఈయనే కన్నీళ్ళతో చెప్పాడు. కాని పదో తరగతి సర్టిఫికెట్ కోసం బడి రిజిస్టరు తీసినప్పుడు, తండ్రి పేరు ఉండవలసిన చోట పుట్టిన తండ్రి పేరు, దాని పక్కన ఆయన ఇన్నాళ్ళూ "నాన్నగారు" అని పిలిచిన మనిషి పేరు ముందు "గార్డియన్" అన్న మాట కనిపించాయి. పదిహేనేళ్ళ పిల్లవాడి మీద ఆ ఒక్క మాట ఎంత బరువుగా పడిందో ఇంట్లో ఎవరికీ తెలియలేదు, ఆయనా చెప్పలేదు. ఆనాటి నుంచి ఇంట్లో చెప్పకముందే పని చేయడం మొదలుపెట్టానని, పొద్దున్నే లేచి పశువుల దగ్గర చూసి, తమ్ముడి సైకిలు కూడా తుడిచి పెట్టేవాడినని అన్నాడు. ఇంట్లోవాళ్ళు అది మంచి బుద్ధి అనుకున్నారు.

పెంచిన తండ్రి 2021లో పోయారు. వీలునామా లేదు. పెద్దకర్మ లాంటి సందర్భం మా సంఘాల్లో ఉండదు గాని, సంస్మరణ కూడిక అయిన సాయంత్రం బంధువులు పొలం, ఇల్లు మాట ఎత్తారు. "పెంపకానికి వచ్చినవాడికి వాటా ఏంటి" అని ఒక పెద్దాయన అన్నాడట. తమ్ముడు తల వంచుకుని కూర్చున్నాడు, ఏమీ అనలేదు. ఈయన లేచి, తనకేమీ వద్దని చెప్పి, ఆ రాత్రి భోజనాలు వడ్డించాడు. మందిరంలో రొట్టె విరిచే వేళకు బయటికి వెళ్ళిపోవడం ఆ తరువాతి వారాల్లోనే మొదలైంది.

నా దగ్గరికి ఆయన తనంతట తాను రాలేదు. 2023 ఆగస్టులో పాపకు తీవ్రమైన జ్వరం వచ్చి ఆసుపత్రిలో ఉన్నప్పుడు చూడటానికి వెళ్ళాను. వరండాలో ఆయన నన్ను పక్కకు పిలిచి అడిగిన ప్రశ్నే ఈ కేసుకంతటికీ మూలం: "అయ్యగారూ, గత రెండు వారాలు నైట్ డ్యూటీ పడి మందిరం ఊడవలేదండి. అందుకే పాపకి ఇలా అయ్యిందంటారా? నేను పని మానేస్తే దేవుడు నన్ను ఉంచుకుంటాడంటారా?"

నేను మొదట చేసిన తప్పులు

పాప కోలుకున్నాక వారానికొకసారి కలవడం మొదలుపెట్టాము. మొదటి రెండు నెలలు నేను తొందరపడ్డాను. లోతైన గాయం ఉన్న మనిషి ముందు వచనాలు వరుసగా పెట్టేయడం సేవకులందరికీ ఉన్న అలవాటే, నాకూ ఉంది. రెండో సమావేశంలోనే 27వ కీర్తన తీసి, "నా తలిదండ్రులు నన్ను విడిచినను యెహోవా నన్ను చేరదీయును" అన్న మాట చదివించాను. ఆయన చదివి, పుస్తకం మూసి, చాలాసేపటికి, "మా అమ్మా నాన్నా నన్ను విడిచిపెట్టలేదండి అయ్యగారూ. గాలివాన పట్టుకుపోయిందండి వాళ్ళని," అన్నాడు. ఆ వచనం సత్యమే గాని, ఆ రోజు ఆ చేతుల్లో దాన్ని పెట్టిన నేను, పోయిన ఇద్దరి మీద ఒక నింద మోపాను. అనాథ పిల్లలుగా పెరిగినవారితో మాట్లాడేటప్పుడు విడిచిపెట్టడం వేరు, పోగొట్టుకోవడం వేరు అన్న తేడా మొదట కనుక్కోవాలి. నేను కనుక్కోలేదు.

రెండో తప్పు ఇంకా సూక్ష్మమైనది. "రక్తసంబంధం ముఖ్యం కాదు, దేవుడు దాన్ని చూడడు" అని పదేపదే చెప్పాను. నా ఉద్దేశం ఆదరించడం. ఆయనకు వినిపించింది వేరు: కన్నవాళ్ళు ముఖ్యం కాదని, వాళ్ళను మరిచిపొమ్మని. యోహాను సువార్త కొత్త జన్మను గురించి చెబుతుంది, పౌలు దత్తతను గురించి చెబుతాడు. ఈ రెండు చిత్రాలనూ మనం బోధలో కలిపేసి, దత్తత అంటే పాతదంతా లేనట్టే అన్నట్టు మాట్లాడతాము. లేఖనంలో దత్తత పొందినవాళ్ళెవరూ కన్నవాళ్ళను మరిచినట్టు లేదు. ఫరో కుమార్తె కొడుకుగా పెరిగిన మోషే తన సహోదరుల బరువులు చూడటానికి బయటికి వెళ్ళాడు. మొర్దెకై కుమార్తెగా పెంచుకున్న ఎస్తేరు తాను పుట్టిన జనుల కోసమే ప్రాణానికి తెగించింది. ఈ రెండు ఉదాహరణలు చూశాక, ఆయన కన్నతల్లి గురించి మొదటిసారి నాతో మాట్లాడాడు: ఆమె జడకు పెట్టుకునే కనకాంబరాలు, ఆమె కూర వండే మట్టి దాక. అంతకుమించి గుర్తులేదు. ఆ రోజు బైబిలు తెరవకుండానే పంపాను. ఇప్పుడు వెనక్కి చూస్తే ఆ రెండు నెలల్లో సరిగ్గా జరిగిన సమావేశం అదొక్కటే.

తప్పిపోయిన కుమారుని ఉపమానం కూడా నేను అనుకున్నట్టు పనిచేయలేదు. చిన్న కొడుకు "నన్ను నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకొనుము" అని చెప్పాలనుకున్నాడు గదా, తండ్రి ఆ మాట నోట రానివ్వలేదు చూడండి అని వివరించాను. ఆయన చూపు చిన్న కొడుకు మీద లేదు. ఏళ్ళ తరబడి సేవ చేసి, ఒక మేకపిల్లనైనా ఇవ్వలేదని అలిగిన పెద్ద కొడుకు దగ్గర ఆగిపోయాడు. "అతను అడిగాడండి. నేను మేకపిల్లని కూడా అడగనండి," అన్నాడు. అడగకపోవడాన్నే ఆయన వినయం అనుకుంటున్నాడు. కూలివాడికి అడిగే హక్కు లెక్క ప్రకారమే ఉంటుంది, కొడుక్కి లెక్క లేకుండా ఉంటుంది. అడగనివాడు తాను కూలివాణ్ణని తనకు తానే తీర్పు ఇచ్చుకున్నాడని అక్కడే నాకు అర్థమైంది.

"గార్డియన్" అన్న మాట

మూడో నెలలో ఆయన పదో తరగతి రిజిస్టరు సంగతి బయటపెట్టాడు. దీనికి సమాధానం వేదాంతంలో వెతకకుండా చట్టంలో వెతకడం మంచిదనిపించి, అమలాపురంలో తెలిసిన న్యాయవాదిని అడిగి కొన్ని సంగతులు రాసుకుని వచ్చాను. మన దేశంలో 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం హిందువులకు వర్తిస్తుంది, క్రైస్తవులకు వర్తించదు. క్రైస్తవులకు తమదంటూ దత్తత చట్టం లేదు. ఆ పిల్లవాణ్ణి ఇంటికి తెచ్చుకున్న 1997లో, క్రైస్తవ దంపతులకు సాధారణంగా అందుబాటులో ఉన్న దారి 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ఒక్కటే. దాని కింద సంరక్షకులు కావచ్చు, తల్లిదండ్రులు కాలేరు. బిడ్డకు మైనారిటీ తీరగానే ఆ సంరక్షకత్వం కూడా తీరిపోతుంది. తరువాత వచ్చిన బాల న్యాయ చట్టం మతంతో నిమిత్తం లేకుండా ఎవరైనా దత్తత తీసుకునే వీలు కల్పించింది, 2014లో సుప్రీంకోర్టు కూడా ఆ సంగతిని స్పష్టం చేసింది, 2015 చట్టం దాన్ని కొనసాగించింది. ఆ దారి తెరుచుకునేనాటికి ఈయన బాల్యం గడిచిపోయింది, పల్లెలో ఉన్న ఆ తండ్రికి చెప్పినవాళ్ళూ లేరు.

ఈ వివరాలు విన్నాక ఆయన ముఖంలో వచ్చిన మార్పును నేను ఊహించలేదు. పదిహేడేళ్ళుగా ఆయన "గార్డియన్" అన్న మాటను నాన్నగారి మనసులోని మాటగా చదువుకున్నాడు. అది రిజిస్టరులో ఉన్న గడికి తగ్గ మాట మాత్రమేనని, కొడుకు అని రాసే గడి ఆనాడు ఆయనకు చట్టం ఇవ్వలేదని తెలిసినప్పుడు, "అయితే నాన్నగారు కావాలని రాయలేదండీ?" అని రెండుసార్లు అడిగాడు.

అదే రోజు 1956 చట్టంలోని 15వ సెక్షన్ కూడా చూపించాను. అది ఆయనకు వర్తించకపోయినా, దత్తత అనే మాటను మన దేశపు చట్టం ఎంత గట్టిగా పట్టుకుందో అందులో కనిపిస్తుంది: చెల్లుబాటైన దత్తతను పెంచుకున్న తండ్రి గాని, తల్లి గాని, మరెవరు గాని రద్దు చేయలేరు, దత్తుడు కూడా తన స్థానాన్ని వదులుకుని పుట్టిన కుటుంబానికి తిరిగిపోలేడు. కోపం వచ్చిందని, తరువాత సొంత బిడ్డ పుట్టాడని, పిల్లవాడు ప్రయోజకుడు కాలేదని దత్తత చెరిగిపోదు. మనుషులు రాసుకున్న చట్టమే ఇలా ఉంటే, "తన చిత్తప్రకారమైన దయాసంకల్పము చొప్పున" యేసుక్రీస్తు ద్వారా మనలను కుమారులనుగా స్వీకరించాడని ఎఫెసీ పత్రిక చెప్పే దేవుడు, రెండు వారాలు ఊడవనందుకు కొడుకును బయటికి పంపుతాడా అని అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. నేనూ జవాబు కోసం ఒత్తిడి చేయలేదు.

(ఇక్కడే సేవకులకు ఒక మాట. పెంచుకున్న పిల్లలున్న క్రైస్తవ కుటుంబాలు మన సంఘాల్లో చాలా ఉన్నాయి. క్రైస్తవుల ఆస్తి పంపకం 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం జరుగుతుంది. చట్టబద్ధమైన దత్తత లేకుండా పెంచిన బిడ్డకు, వీలునామా లేకపోతే, అందులో చోటు దొరకడం కష్టం. తండ్రి బతికి ఉండగా ఒక కాగితం రాయించి ఉంటే ఆ సాయంత్రం ఆ మాట వచ్చేది కాదు. ప్రేమించే తండ్రులకు ఈ సంగతి చెప్పడం కూడా పరిచర్యే.)

దత్తపుత్రాత్మ

పౌలు పత్రికల్లో దత్తతకు వాడిన గ్రీకు మాట "హుయోథెసియా", అంటే కుమారుడి స్థానంలో ఉంచడం. అది కొత్త నిబంధనలో అయిదే చోట్ల కనిపిస్తుంది: రోమా పత్రికలో మూడుసార్లు, గలతీ పత్రికలో ఒకసారి, ఎఫెసీ పత్రికలో ఒకసారి. మన తెలుగు బైబిలు రోమా 8:15లో "దత్తపుత్రాత్మ" అంది. దత్తం అంటే ఇవ్వబడినది. మన ప్రాంతంలో దత్తత అనగానే మనసులో మెదిలే క్రమం ఏమిటి? కొడుకు లేని ఇల్లు; పేరు నిలబెట్టడానికి, ముసలితనంలో చూడటానికి, తలకొరివి పెట్టడానికి ఒకడు కావాలి; పిల్లలున్న ఇంటివాళ్ళు ఒకణ్ణి ఇస్తారు, లేనివాళ్ళు పుచ్చుకుంటారు. కొరత ఉన్నచోటికే దత్తత వస్తుంది. ఇల్లరికమైనా అంతే, కొడుకు లేని చోటికే అల్లుడు వస్తాడు. కాబట్టి ఆ కొరత తీరిపోతే దత్తుడి స్థానం ఏమిటన్న ప్రశ్న ఇక్కడ పెరిగిన ప్రతి పెంపుడు బిడ్డ కడుపులోనూ ఉంటుంది. ఈ సహోదరుడి భయమంతా ఇదే. తాను వచ్చినప్పుడు ఆ ఇంట కొరత ఉంది, తమ్ముడు పుట్టాక కొరత తీరింది, ఆనాటి నుంచి తాను అదనం. అదనపు మనిషి పనికొచ్చినంత కాలమే ఉంటాడు.

సువార్తలోని దత్తత ఈ క్రమాన్ని తలకిందులు చేస్తుంది. దేవునికి కుమారుడు లేక మనలను తెచ్చుకోలేదు. జగత్తు పునాది వేయకమునుపే ప్రేమించిన కుమారుడు ఉన్నాడు, ఆ ప్రేమకు ఏ లోటూ లేదు. ఆ ఇంట తీర్చవలసిన అవసరం ఏదీ లేదు కనుక, మనం వెళ్ళి తీర్చినదీ లేదు, మానేస్తే లోటుగా మిగిలేదీ లేదు. పైగా మన పద్ధతిలో ఇచ్చేది ఒకరు, పుచ్చుకునేది మరొకరు. ఇక్కడ పుచ్చుకున్న తండ్రే ఇచ్చాడు, ఇచ్చింది తన సొంత కుమారుణ్ణే. రోమా 8:32 దగ్గర ఈ మాట చెబుతున్నప్పుడు నా గొంతు నాకే పట్టుకుంది. ముందే కుమారుడున్న ఇంట్లోకి, ఆ కుమారుణ్ణి వెలగా పెట్టి, దారిన పోయేవాళ్ళను పిల్లలుగా తెచ్చుకోవడానికి ప్రేమ తప్ప వేరే కారణం దొరకదు. అంతేకాదు, యోహాను 17వ అధ్యాయంలో కుమారుడు తండ్రితో, నన్ను ప్రేమించినట్టే వారిని కూడా ప్రేమించావని లోకం తెలుసుకోవాలని ప్రార్థించాడు. ఆ "ప్రేమించినట్టే" అన్న మాటకు కొలత తగ్గించే అధికారం మనకు లేదు. సొంతవాడికి ఒక కంచం, తెచ్చుకున్నవాడికి ఒక కంచం అన్న తేడా ఆ బల్ల దగ్గర లేదు.

పౌలు ఈ మాట రాసిన కాలాన్ని గురించి ఒక సంగతి నాకు చాలాకాలంగా తెలుసు. దాన్ని ఆయనకు చెప్పాలా వద్దా అని ఆలోచించి మానేశాను. రోమా పత్రిక క్రీ.శ. 57 ప్రాంతంలో రాసినది. అప్పుడు సింహాసనం మీద ఉన్న నీరో దత్తుడే: క్లౌదియ చక్రవర్తి తనకు బ్రిటానికస్ అనే సొంత కొడుకు ఉండగానే 50లో నీరోను దత్తత తీసుకున్నాడు. నీరో 54లో రాజయ్యాడు, 55లో బ్రిటానికస్ చనిపోయాడు. నీరోయే విషం పెట్టించాడని ప్రాచీన చరిత్రకారులు రాశారు. కొడుకున్న ఇంట్లోకి దత్తుడు వస్తే ఏమవుతుందో రోమాలోని విశ్వాసులకు పక్క వీధి కథే. అలాంటి ఊరికి పౌలు, ఈ ఇంట కూడా సొంత కుమారుడు చనిపోయాడు, అయితే ఎవరూ ఆయన్ని తోసివేయలేదు, తానే తన్ను అప్పగించుకున్నాడు, లేచి, వచ్చినవాళ్ళను తోడి వారసులుగా చేసుకున్నాడు అని రాశాడు. సేవకుల కూడికల్లో దీన్ని ఎంతో ఇష్టంగా బోధిస్తాను. కాని తమ్ముడి వాటాకు అడ్డొచ్చానేమో అన్న అపరాధ భావం అప్పటికే ఉన్న మనిషికి నీరో కథ చెప్పడం పుండు మీద వేలు పెట్టడమే. మంచి వివరణ అయినా, ఆ మనిషికి ఆ రోజు మంచిది కాకపోవచ్చు.

దానికి బదులు హెబ్రీ పత్రిక 2:11 దగ్గర రెండు వారాలు ఉన్నాము. పరిశుద్ధపరచువాడు వారిని "సహోదరులని పిలుచుటకు" సిగ్గుపడడని అక్కడ ఉంది. తమ్ముడు ఆ సాయంత్రం తల వంచుకుని కూర్చోవడమే ఆయనను అన్నిటికంటే ఎక్కువగా కాల్చిందని నాకు తెలుసు. పునరుత్థానమైన ఉదయం మగ్దలేనే మరియతో ప్రభువు, పారిపోయిన శిష్యులను "నా సహోదరులు" అని పిలిచి, నా తండ్రి మీ తండ్రి అని కబురు పంపాడు. ఆ ఇంటి పెద్దకొడుకు తల వంచుకోలేదు. ఇది విని ఈ సహోదరుడు ఆ రోజు చాలాసేపు ఏడ్చాడు. అది ఊరటతో వచ్చిన ఏడుపు కాదు, ఆ సాయంత్రం ఏడవనిది ఏడ్చాడు.

తల్లి చెప్పిన సంగతి

ఇంతా చేశాక కూడా, "దేవుడికి కుమారుడు ఉన్నాడండి, సరే. మా ఇంట్లో అలా కాదు గదండి," అన్న మాట దగ్గరే ఆయన ఆగిపోయేవాడు. అయిదో నెలలో, ఆయన అడిగితే, పెంచిన తల్లిగారి దగ్గరికి ఇద్దరం వెళ్ళాము. ఆస్తి మాట ఎత్తకూడదని ముందే అనుకున్నాము. ఆమె టీ ఇచ్చి, పాత రోజులు చెబుతూ, పిల్లవాణ్ణి తెచ్చిన చలికాలంలో తనకు వేవిళ్ళు ఎక్కువగా ఉండి, వాడికి అన్నం కలిపి పెడుతూ మధ్యలో లేచి పెరట్లోకి పరిగెత్తేదాన్నని నవ్వుతూ అంది. ఆయన చెయ్యి గ్లాసు మీదే ఆగిపోయింది. "అప్పటికే తమ్ముడు కడుపులో ఉన్నాడామ్మా?" అని అడిగాడు. "ఉన్నాడు గదరా, జులైలో పుట్టాడు. మీ నాన్నగారు నిన్ను తెస్తానన్నప్పుడు నేను చెప్పాను, మనకే ఒకరు రాబోతున్నారండీ అని. అయితే ఇద్దరవుతారు అన్నారు," అంది.

ఇన్నేళ్ళలో ఆయన ఆ నెలలు లెక్క పెట్టలేదు. రోజూ వేల కాయల లెక్క తప్పకుండా రాసే మనిషి, జనవరి నుంచి జులై వరకు ఎన్ని నెలలో ఎప్పుడూ వేసుకోలేదు. బిడ్డలు లేక తనను తెచ్చుకున్నారన్న నమ్మకం అంత గట్టిగా ఉన్నప్పుడు లెక్క ఎవరు చూస్తారు?

ఈ సంఘటన నేను ఏర్పాటు చేసినది కాదు, ఏ సేవకుడూ ఏర్పాటు చేయగలిగినది కాదు. దీన్ని గురించి నాకు ఒక జాగ్రత్త ఉంది. ఆమె వేరే విధంగా చెప్పి ఉంటే, "పిల్లలు లేకే తెచ్చుకున్నాం నాయనా" అని ఉంటే, దేవుని ప్రేమ అణువంతైనా తగ్గేది కాదు. మనుషుల ఇంటి ఆధారం మీద దేవుని ప్రేమను నిలబెడితే, రేపు ఇంకొక ఇంటి నుంచి వచ్చే బిడ్డ దగ్గర మనకు చెప్పడానికి ఏమీ మిగలదు. ఆ సంగతి ఆయనకు కూడా స్పష్టంగా చెప్పాను. అయినా పెంచిన తండ్రి నోటి నుంచి వచ్చిన "ఇద్దరవుతారు" అన్న మాట, నేను అయిదు నెలలు వివరించిన మాటకు ఆయన చేతికి అందిన చిన్న రూపమని కాదనలేను.

ఆ తరువాత

తల్లిని కలిసి వచ్చాక ఒక పని అడిగాను: నాలుగు ఆదివారాలు మందిరంలో ఏ పనీ చేయకుండా, మూడో వరుసలో కూర్చోవాలి. ఊడ్చే పనికి యౌవనస్థులను పెట్టాము. ఈ కేసంతటిలో ఆయనకు అన్నిటికంటే కష్టమైనది ఇదే. మొదటి వారం ద్వారం పక్కన కూర్చున్నాడు. రెండో వారం మైకు గరగరలాడితే లేచి వెళ్ళి సరిచేసి, నా వంక చూసి, తిరిగి కూర్చున్నాడు. మూడో వారం బల్ల సమయానికి లోపలే ఉన్నాడు గాని రొట్టె పక్కవారికి అందించేశాడు. నాలుగో వారం తీసుకున్నాడు. రాజైన దావీదు బల్ల దగ్గర రాజకుమారులతో పాటు భోజనం చేసిన, రెండు కాళ్ళూ కుంటివాడైన మెఫీబోషెతు గురించి ముందు వారం ఇద్దరం చదివాము. అతడు ఆ బల్లకు ఏ పనీ చేసి రాలేదు, చేయగలిగినవాడూ కాదు.

"అబ్బా" అన్న మాట గురించి కూడా చెప్పాలి. రోమా పత్రికలో మన బైబిలు "అబ్బా తండ్రీ" అంది. గలతీ పత్రికలోనూ, గెత్సేమనే తోటలో ప్రభువు నోట మార్కు రాసిన చోటా అదే అరామిక్ మాటను "నాయనా తండ్రీ" అంది. అది చంటిపిల్లల ముద్దు మాట అని బోధించడం వాడుకలో ఉంది గాని సరికాదు, ఎదిగిన కొడుకులు కూడా తండ్రిని అలాగే పిలిచేవారు. తెలుగు చెవికి అందులో ఇంకొక సంగతి వినిపిస్తుంది. మనం దెబ్బ తగిలినప్పుడు అనేది కూడా "అబ్బా" అనే, పాత తెలుగులో అబ్బ అంటే తండ్రే. పౌలు "మొఱ్ఱపెట్టుచున్నాము" అన్నాడు. అది సరిచేసి, సిద్ధం చేసుకుని చేసే ప్రార్థన కాదు. ఈ మాట ఆయనతో చెప్పినప్పుడు, "అయితే నేర్చుకోనక్కరలేదాండి" అన్నాడు. అక్కరలేదన్నాను. ఆ మాట ఆత్మ పలికించేది, పరీక్షకు అప్పజెప్పేది కాదు.

2024 మే నాటికి ఆయన ప్రార్థనలో "తండ్రీ" అన్న పిలుపు మొదటిసారి విన్నాను. ఇంట్లో, పాపను పక్కన కూర్చోబెట్టుకుని చేసిన ప్రార్థనలో. మందిరంలో ఇంకా "ప్రభువా" అనే అంటున్నాడు. దాన్ని సరిచేయవలసిన అవసరం నాకు కనబడలేదు, ఆ పిలుపు కూడా సత్యమే. రొట్టె విరిచే వేళ లోపలే ఉంటున్నాడు. తెల్లవారుజామునే వచ్చి ఊడవడం మళ్ళీ మొదలుపెట్టాడు, ఎందుకని అడిగితే, "ఇల్లు గదండి," అన్నాడు. అయితే పాపకు ఒళ్ళు వెచ్చబడిన రాత్రుల్లో పాత ప్రశ్న తిరిగి వస్తూనే ఉంది, రెండుసార్లు అర్ధరాత్రి ఫోన్ చేశాడు. దీన్ని వైఫల్యంగా నేను రాసుకోలేదు. దత్తపుత్రాత్మను పొందామని రోమా 8వ అధ్యాయం 15వ వచనంలో చెప్పిన పౌలే, అదే అధ్యాయం 23వ వచనంలో దత్తపుత్రత్వం కోసం కనిపెడుతూ మూలుగుతున్నామని రాశాడు. పొందినవాళ్ళే ఇంకా కనిపెడుతున్నారు.

ఇప్పుడు నెలకొకసారి కలుస్తున్నాము. ఆస్తి విషయంలో ఆయన ఏమీ అడగలేదు, అడగమని నేనూ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. ఆ నిర్ణయం ఆయనది. కిందటి నెల ఒక సాయంత్రం తమ్ముడు ఒక్కడే మా ఇంటికి వచ్చి, ఆ రోజు తాను నోరు ఎందుకు తెరవలేదో చెప్పడం మొదలుపెట్టాడు. అతని మాట ఇంకా పూర్తికాలేదు. వచ్చే మంగళవారం మళ్ళీ వస్తానన్నాడు.